ట్రాన్స్ పురుషుల ఛాతీ శస్త్రచికిత్స: నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతం నుంచి సన్నాహాలు

పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, తాను మగవాడినని ఎరిగిన వ్యక్తి రొమ్ముల్లోని కణజాలాన్ని తీయించుకుని, ఛాతీని మగవారి ఛాతీలా తీర్చిదిద్దించుకునే ఆపరేషన్‌ను ఛాతీ శస్త్రచికిత్స అంటారు. పూర్తిగా మగవాడినని చెప్పుకోకపోయినా ఆడమనిషిగా ఉండలేని ట్రాన్స్ మస్కులిన్ వ్యక్తులు కూడా దీన్ని చేయించుకుంటారు. ఆసుపత్రుల్లోనూ, చేయించుకున్నవాళ్ల నోటా ఎక్కువగా వినిపించే పేరు టాప్ సర్జరీ. పూర్తి మత్తు ఇచ్చి చేసే ఈ ఆపరేషన్ సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో అయిపోతుంది. దానికి సిద్ధపడటానికి మాత్రం నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లే పడుతుంది. కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. దీన్ని తరచుగా చేసే సర్జన్లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లో ఉంటారు. కోలుకోవలసింది మాత్రం ఊళ్లో, ఇంట్లో, ఇంటివాళ్ల మధ్య. ఇక్కడి సన్నాహాల్లో చాలా భాగం ఈ దూరం వల్ల వచ్చినవే.

ప్రాంతం, మనుషులు

నందవరం తుంగభద్ర ఒడ్డున ఉన్న మండలం. దానికి పట్నం అంటే ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో ఎమ్మిగనూరుకు నేత ఊరన్న పేరు స్థిరపడింది. ఆదోనిది పత్తి వ్యాపారం: మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు, బేళ్లు మోసే హమాలీలు. వానలు ముఖం చాటేసిన ఏడు ఈ మండలాల పల్లెలు సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి చేలకు, బెంగళూరు కట్టడం పనులకు కుటుంబాలు కుటుంబాలే వెళ్తాయి. ఆపరేషన్ గురించి ఆలోచించే వ్యక్తి మగ్గం దగ్గరివాడా, యార్డులో మూటలు మోసేవాడా, సుగ్గికి పోయేవాడా, బెంగళూరులో డెలివరీ పని చేస్తున్నవాడా అన్నదాన్ని బట్టి అతని ఏర్పాట్లు మారిపోతాయి.

ట్రాన్స్ మహిళలు ఇక్కడి జనానికి కొత్త కాదు. బజార్లలో, జాతరల్లో, రైళ్లలో కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి గురువు, తోటి చేలాలు (శిష్యులు) అంటూ ఒక ఆసరా ఉంటుంది. ట్రాన్స్ పురుషులకు అటువంటి సంప్రదాయం ఏదీ లేదు. ఆడపిల్లగా పెరిగినవాడికి ఇల్లు విడిచి వెళ్లే వీలు తక్కువ. పదో తరగతి దాటీ దాటకముందే పెళ్లి మాటలు మొదలవుతాయి. అందుకే చాలామంది తమలాంటి మరొకరిని మొదటిసారి చూసేది పొరుగు నగరంలోనో, ఫోన్‌లోనో. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’ అన్న గడిలో నమోదైనవారు 43,769 మంది. అందులో ట్రాన్స్ పురుషులెందరో ఆ గడి చెప్పదు. లెక్కలోనే విడిగా లేనివాళ్లకు ఆసుపత్రిలో విడిగా ఏర్పాటు ఉంటుందని ఎదురుచూడలేం.

వెనకటి సంగతులు

ట్రాన్స్ పురుషుడు ఛాతీ ఆపరేషన్ చేయించుకోవడం నిన్నమొన్నటి మాట కాదు. బ్రిటన్‌కు చెందిన మైకేల్ డిల్లన్ 1939లో మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ మొదలుపెట్టి, 1942లో రొమ్ములు తీయించుకున్నాడు. 1944లో జనన ధ్రువపత్రం మార్పించుకుని, తర్వాత వైద్యం చదివి డాక్టరయ్యాడు. 1958లో పత్రికలు అతని గతాన్ని బయటపెడితే భారతదేశానికి వచ్చేశాడు. బౌద్ధ భిక్షువుగా లద్దాఖ్‌లో కొంతకాలం గడిపి, 1962లో డల్హౌసీలో కన్నుమూశాడు.

మన దేశంలో మలుపు 2014 ఏప్రిల్ 15న వచ్చింది. నల్సా కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీల ధర్మాసనం మనిషి లింగాన్ని నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని చెప్పింది. దానికి ఆపరేషన్‌ను షరతుగా పెట్టడం చట్టవిరుద్ధమని కూడా తేల్చింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం చేసింది. అది 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఆపరేషన్ గానీ హార్మోన్లు గానీ తీసుకున్నా తీసుకోకపోయినా ట్రాన్స్ పురుషుడు ఆ చట్టం పరిధిలోకి వస్తాడని ఆనాటి నిర్వచనంలోనే రాశారు. వైద్యంలో వివక్ష చూపకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. నిజాం కాలం నుంచి పుస్తకాల్లో మిగిలిపోయిన తెలంగాణ యునక్స్ చట్టాన్ని ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది.

ఆపరేషన్ ఎవరికి, ఎవరికి కాదు

ప్రతి ట్రాన్స్ పురుషుడూ ఛాతీ ఆపరేషన్ చేయించుకోవాలని లేదు. చేయించుకోనంత మాత్రాన అతని మగతనానికి లోటు రాదు. రొమ్ములు కనబడకుండా చేసుకోవడానికే రోజులో సగం ధ్యాస పోయేవాళ్లు, నలుగురిలో నిటారుగా నిలబడలేక భుజాలు ముందుకు వంచుకుని నడవడం అలవాటైనవాళ్లు, నది ఒడ్డుకు వెళ్లినా నీళ్లలో దిగనివాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకు ఈ ఆపరేషన్ బతుకును తేలికపరుస్తుందని చాలాచోట్ల వైద్యుల అనుభవం.

తాను ఉన్న లింగానికీ పుట్టుకతో రాసిన లింగానికీ పొసగకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు మానసిక వ్యాధిగా లెక్కించడం లేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ–11 వర్గీకరణలో దాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేశారు. అయినా ఆపరేషన్‌కు ముందు మానసిక వైద్యుడి లేఖ అడుగుతారు. రోగి తన నిర్ణయాన్ని అర్థం చేసుకునే తీసుకున్నాడా, కుంగుబాటు వంటి సమస్య ఏదైనా ఉంటే అది అదుపులో ఉందా అన్నది చూడటానికే ఆ లేఖ. అంతర్జాతీయ వైద్య సంఘం డబ్ల్యూపాత్ 2022లో వెలువరించిన ఎనిమిదో ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లకు ఒక్క లేఖ చాలు. ఛాతీ ఆపరేషన్‌కు ముందు హార్మోన్లు వాడి ఉండాలన్న నియమమూ లేదు. మన దేశంలో సర్జన్లు కొందరు రెండు లేఖలు అడుగుతారు. ఎన్ని కావాలో మొదటి సంప్రదింపులోనే అడిగి రాసుకుంటే తిరుగుడు తగ్గుతుంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల బోధనాసుపత్రి కాబట్టి మానసిక వైద్యవిభాగం అక్కడ ఉంది. ఈ లేఖ కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిందేనని అనుకోకుండా ముందు అక్కడ అడిగి చూడాలి.

‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’, ‘మందులతో మాన్పిస్తాను’ అనే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లనక్కర్లేదు. మనిషి లింగాన్ని మార్చడానికి చేసే అటువంటి ‘చికిత్స’ను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి సొంత సంతకంతో ఆపరేషన్‌కు ఒప్పుకోవచ్చు. తల్లిదండ్రుల సంతకం చట్టప్రకారం అక్కర్లేదు. ఆసుపత్రులు అడిగే అటెండెంటు సంతకం స్నేహితుడిదైనా చెల్లుతుందా అన్నది ముందే తేల్చుకోవాలి.

కాగితాలు

ఆపరేషన్ చేయించుకోవడానికి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం తప్పనిసరి కాదు. ప్రభుత్వ పథకాలకు మాత్రం కావాలి. నేషనల్ పోర్టల్‌లో గానీ కలెక్టరేట్‌లో గానీ ఫారం–1తో పాటు అఫిడవిట్ ఇస్తే, ఎటువంటి శరీర పరీక్షా లేకుండా కలెక్టరు 30 రోజుల్లో పత్రం ఇవ్వాలని 2020లో వచ్చిన నిబంధనల్లో రాశారు. ఆపరేషన్ తర్వాత పురుషుడిగా సవరించిన పత్రం కావాలంటే ఆసుపత్రి వైద్యాధికారి ధ్రువీకరణతో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తుదారు ఆ జిల్లాలో ఏడాదిగా నివాసం ఉండాలన్న మాట ఆ నిబంధనల్లో ఉంది. ఆరు నెలలు సుగ్గిలో గడిపే మనిషిని ఇబ్బంది పెట్టేది ఇదే. రేషన్ కార్డు, ఆధార్, ఓటరు కార్డు ఊరి చిరునామాతో ఉంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది. చట్టాల్లో, నిబంధనల్లో మార్పులు వస్తూ ఉంటాయి కాబట్టి, దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న పద్ధతి ఏదో కలెక్టరేట్‌లోనో గ్రామ సచివాలయంలోనో అడగడం మంచిది. సచివాలయంలో తెలిసినవాళ్లుంటారని, గుట్టు బయటపడుతుందని భయపడేవాళ్లు పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పాత పేరుతో ఉన్న ఆధార్‌తోనే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, కేస్‌షీటు మీద ఇష్టమైన పేరును కూడా రాయమని చేరేటప్పుడే అడగాలి. అన్ని రిపోర్టుల మీదా పేరు ఒకేలా ఉండటం ముఖ్యం. ఒకటి పాత పేరుతో, ఇంకొకటి కొత్త పేరుతో ఉంటే బీమా దగ్గర కాగితాలు ఆగిపోతాయి.

పద్ధతులు, సర్జన్ ఎంపిక

రొమ్ము చిన్నదై, చర్మం బిగువుగా ఉంటే చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున చిన్న కోత పెట్టి లోపలి కణజాలాన్ని తీస్తారు. మచ్చ తక్కువ, స్పర్శ కొంతవరకు నిలిచే వీలు ఎక్కువ. రొమ్ము పెద్దదైతే, ఏళ్ల తరబడి గట్టిగా చుట్టుకోవడం వల్ల చర్మం సాగిపోయి ఉంటే రెండు వైపులా ఛాతీ కండరం కింది అంచు వెంబడి అడ్డంగా కోసే పద్ధతి సరిపోతుంది. ఇందులో చనుమొనలను పూర్తిగా విడదీసి, చిన్నవి చేసి, కొత్త చోట చర్మంలా అతుకుతారు. మచ్చ పొడవుగా ఉంటుంది, మొనల్లో స్పర్శ చాలావరకు పోతుంది. ఆకారం మాత్రం బాగా కుదురుతుంది. చంకల వైపు మిగిలే కొవ్వును లైపోసక్షన్‌తో సరిచేస్తారు. ఏ పద్ధతిలోనైనా పిల్లలకు పాలిచ్చే వీలు దాదాపు పోతుంది. బిడ్డను కనే సామర్థ్యం మీద ఈ ఆపరేషన్ ప్రభావం ఏమీ ఉండదు.

సర్జన్‌ను అడగవలసిన ప్రశ్నలు కొన్నే: ట్రాన్స్ పురుషులకు ఈ ఆపరేషన్ ఎన్నాళ్లుగా చేస్తున్నారు, నా శరీరానికి దగ్గరగా ఉన్నవాళ్ల ముందు–తర్వాత ఫొటోలు చూపిస్తారా, తేడా వస్తే మళ్లీ సరిచేయడానికి వేరే డబ్బు తీసుకుంటారా, ఇంటికి వెళ్లాక ఫోన్‌లో ఎవరు అందుబాటులో ఉంటారు. చివరి ప్రశ్నకు నీళ్లు నమిలే ఆసుపత్రి, ఎంత పేరున్నదైనా, నందవరం నుంచి వెళ్లేవాడికి పనికిరాదని నా అభిప్రాయం.

సలహాకు హైదరాబాద్‌లో కొన్ని చోట్లు ఉన్నాయి. ట్రాన్స్ వ్యక్తుల కోసం దేశంలో మొదటిదిగా పేరొందిన మిత్ర్ క్లినిక్ 2021లో నారాయణగూడలో మొదలైంది. 2025 ఆరంభంలో అమెరికా సాయం ఆగిపోవడంతో మూతపడి, తర్వాత టాటా ట్రస్టుల చేయూతతో సబ్‌రంగ్ పేరుతో తిరిగి తెరుచుకుంది. ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. తమిళనాడులో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో లింగ ధ్రువీకరణ శస్త్రచికిత్సలు ఏళ్లుగా ఉచితంగా జరుగుతున్నాయి. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు ఇతర రాష్ట్రాల వాళ్లను చేర్చుకుంటారో లేదో ముందే కనుక్కోవాలి.

ఒంటిని సిద్ధం చేసుకోవడం

మొదటి పని రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ట్రాన్స్ పురుషులు ఆ లెక్కలో చాలావరకు స్త్రీలుగానే నమోదై ఉంటారు. టెస్టోస్టిరాన్ వాడని, నెలసరి ఆగని వాళ్లకు అదే ముప్పు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే మత్తు డాక్టరు ఆపరేషన్‌ను వాయిదా వేస్తాడు. హైదరాబాద్ చేరి, లాడ్జిలో దిగాక ఈ మాట వినడం కంటే రెండు మూడు నెలల ముందే ఎమ్మిగనూరులో రక్తం పరీక్ష చేయించుకోవడం ఎంతో నయం. ఐరన్ మాత్ర టీతోనో కాఫీతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో, జామకాయ తిన్నాకనో వేసుకోవాలి. జొన్నరొట్టె, మునగాకు, తోటకూర, పప్పులు మామూలు భోజనంలో ఉండాలి. తినేవాళ్లు గుడ్లు, మాంసం కూడా తినాలి.

టెస్టోస్టిరాన్ వాడేవాళ్లకు దీనికి విరుద్ధమైన సమస్య రావచ్చు. ఆ మందు ఎర్రకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది. మెడికల్ షాపులో కొని, ఎవరితోనో ఇంజక్షన్ వేయించుకుంటున్నవాళ్లు ఆ సంగతి సర్జన్ దగ్గర దాచకూడదు. ఆపరేషన్‌కు ముందు దాన్ని ఆపాలా వద్దా అన్నది డాక్టర్లే నిర్ణయిస్తారు. సొంతంగా ఆపడం, మోతాదు పెంచడం రెండూ తప్పే.

రెండోది పొగాకు. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ, నశ్యం ఏదైనా ఒకటే. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. కొత్త చోట అతికిన చనుమొన బతకాలంటే కింది నుంచి రక్తం అందాలి. అందకపోతే అది నల్లబడి రాలిపోతుంది. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానేసి, తర్వాత కనీసం నాలుగు వారాలు ముట్టకూడదని సర్జన్లు కచ్చితంగా చెబుతారు. మగ్గం దగ్గర, యార్డులో తోటివాళ్లతో కలిసి బీడీ కాల్చడం మగవాళ్ల గుంపులో కలిసిపోవడానికి ఒక దారిగా పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇది మామూలు అలవాటు మానడం కంటే కష్టం. ఆ కష్టాన్ని సర్జన్ ముందు ఒప్పుకుని సాయం అడగడం, మానేశానని అబద్ధం చెప్పడం కంటే వెయ్యి రెట్లు క్షేమం.

మూడోది చర్మం. ఛాతీని చదునుగా అదిమి ఉంచే బైండర్ దొరకనివాళ్లు పాత చీర ముక్కనో, క్రేప్ బ్యాండేజీనో ఛాతీకి బిగించి కడతారు. క్రేప్ బ్యాండేజీ ఊపిరి తీసుకున్న కొద్దీ బిగుసుకుంటుంది, పక్కటెముకలకు దెబ్బ తగులుతుంది. సరైన కొలత బైండర్‌నైనా రోజుకు ఎనిమిది గంటలకు మించి వాడకూడదు, దాంతో నిద్రపోకూడదు. ఏప్రిల్, మే నెలల ఎండలో చెమట నిలిచి రొమ్ముల కింద తామర పడుతుంది. దానికి షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రెండు రోజులు దురద ఆపి, తర్వాత తామరను ముదరబెడతాయి, చర్మాన్ని పలచబారుస్తాయి. కోత పెట్టబోయేది సరిగ్గా ఆ చోటే. చర్మం పూర్తిగా నయమయ్యాకే ఆపరేషన్ తేదీ తీసుకోవాలి.

మిగిలిన పరీక్షలు ఏ ఆపరేషన్‌కైనా చేసేవే: రక్తం గ్రూపు, షుగరు, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్, ఇసిజి, ఛాతీ ఎక్స్‌రే. రొమ్ములో గడ్డ తగిలినా, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నా, నలభై దాటినా స్కానింగ్ గానీ మామోగ్రామ్ గానీ ముందే చేయించాలి. ఆస్పిరిన్ వాడుతున్నా, ఆయుర్వేద, నాటు మందులు తీసుకుంటున్నా డాక్టరుకు చెప్పాలి. కొన్ని మందులు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. మత్తు డాక్టరు మద్యం గురించి అడిగినప్పుడు నిజమే చెప్పాలి. మత్తు మందు లెక్క దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఎప్పుడు చేయించుకోవాలి

తేదీ నిర్ణయించేది సర్జన్ డైరీ అయినా, ఏ కాలంలో అన్నది రోగే ఎంచుకోవాలి. ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు వారాలు బిగుతైన ప్రెషర్ వెస్టు వేసుకోవాలి. నలభై డిగ్రీల ఎండలో, కరెంటు పోయే ఇంట్లో రేకుల కింద దాన్ని భరించడం నరకం. చలికాలం మేలు. అయితే చలికాలంలోనే పత్తి తీతలు, ఆ వెంటనే మిరప కోతలు. ఏడాది సంపాదన అప్పుడే. వానాకాలం చివర్లో, సుగ్గికి ముందు చేయించుకున్నవాడు పత్తి తీతకు వెళ్లగలడు కానీ మూట ఎత్తలేడు. రోజు కూలీ లెక్కన కాక, తీసిన కిలోల లెక్కన డబ్బులిచ్చే పనిలో అది పెద్ద నష్టం.

పనిని బట్టి విశ్రాంతి మారుతుంది. మొదటి కొన్ని వారాలు మోచేతులను పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకోవాలి, చేయి భుజం కంటే పైకి ఎత్తకూడదు. కూర్చుని రాసే ఉద్యోగి రెండు మూడు వారాల్లో పనిలోకి వెళ్లగలడు. గుంట మగ్గం మీద నేసేవాడి సంగతి వేరు. నాడె విసరడానికి తాడు లాగిన ప్రతిసారీ, పలకను ముందుకు కొట్టిన ప్రతిసారీ భుజం, ఛాతీ కండరం కదులుతాయి. అది రోజుకు వేల సార్లు. కోత అతుకు సాగి, మచ్చ వెడల్పవుతుంది. నేతగాడు కనీసం ఆరు వారాలు మగ్గం ఎక్కకూడదు. సర్జన్‌కు మగ్గం ఎలా పనిచేస్తుందో చేతులతో చేసి చూపించి మరీ అనుమతి తీసుకోవాలి. ‘తేలికపాటి పని చేసుకోవచ్చు’ అన్న నగర డాక్టరు ఊహలో మగ్గం ఉండదు. పత్తి బేళ్లు మోసే హమాలీకి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

డబ్బు

ప్రైవేటు ఆసుపత్రిలో ఖర్చు లక్ష రూపాయలు దాటుతుంది. పద్ధతిని, గదిని బట్టి రెండు మూడింతలు కూడా కావచ్చు. ఆసుపత్రి చెప్పే ప్యాకేజీలో మత్తు డాక్టరు ఫీజు, మందులు, తీసిన కణజాలానికి బయాప్సీ, ప్రెషర్ వెస్టు ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోవాలి. లాడ్జి, తిండి, ప్రయాణం, తోడు వచ్చినవాడి కూలీ నష్టం, కోలుకునే ఆరు వారాల ఇంటి ఖర్చు వేరు. చాలామంది ఆపరేషన్‌కు మాత్రమే డబ్బు కూడబెట్టి, తర్వాతి ఆరు వారాలను మరిచిపోతారు. ఆ వారాల్లోనే వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారు, లేదా కుట్లు మానకముందే పనిలోకి దిగుతారు.

కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పేరుతో ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యఖర్చు ఇచ్చే పథకాన్ని ప్రకటించింది. లింగ సంబంధ శస్త్రచికిత్సలు కూడా దాని పరిధిలో పెట్టింది. దానికి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం కావాలి, ఆసుపత్రి ఆ పథకంలో చేరి ఉండాలి. ఎంచుకున్న ఆసుపత్రి చేరిందో లేదో, మన రాష్ట్ర ఆరోగ్య పథకం కింద ఏమైనా వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్య పథకం సిబ్బందిని అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఇచ్చే పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. అది ఆపరేషన్‌కు చాలదు గానీ, కోలుకునే కాలంలో ఇంట్లో పొయ్యి ఆరకుండా చూస్తుంది.

తోడు, ప్రయాణం, వార్డు

తోడు లేకుండా వెళ్లకూడదు. మొదటి వారం చొక్కా వేసుకోవడానికి, జడ ఉన్నవాళ్లైతే తల దువ్వుకోవడానికి, మంచం మీద నుంచి లేవడానికి కూడా మనిషి కావాలి. అమ్మ వస్తే మంచిదే. రాకపోతే ధైర్యం గల స్నేహితుడు చాలు, ఇద్దరు వంతులవారీగా ఉంటే ఇంకా మేలు. ముందు గుండీలున్న చొక్కాలు, గొట్టం ఉన్న గ్లాసు లేదా స్ట్రా, నడుము పైభాగం ఎత్తుగా ఉంచే దిండ్లు, పొడవాటి ఛార్జింగు తీగ సంచిలో పెట్టుకోవాలి.

వార్డు విషయం చేరకముందే మాట్లాడాలి. ఆడవాళ్ల వార్డులో గడ్డం ఉన్న మనిషి, మగవాళ్ల వార్డులో రొమ్ములు తీయించుకున్న మనిషి, రెండూ ఇబ్బందే. స్థోమత ఉంటే విడిగది తీసుకోవాలి. లేకపోతే మంచానికి తెర ఉండే మూల అడగాలి. నర్సులు ‘అమ్మా’ అని పిలిస్తే, తోడు వచ్చినవాడు మెల్లగా ‘వాడు మా తమ్ముడండీ’ అని చెబితే చాలాసార్లు సరిపోతుంది.

ఆపరేషన్ అయిన వెంటనే ఊరికి రాకూడదు. డ్రెయిన్లు (కోత దగ్గర పేరుకునే ద్రవాన్ని బయటికి తీసే గొట్టాలు), చనుమొనల మీది కట్టు తీసేదాకా, అంటే సుమారు వారం పది రోజులు ఆసుపత్రికి దగ్గరలో బస చేయాలి. లోపల రక్తం పేరుకుపోయే ప్రమాదం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువ. అప్పటికి బస్సు కర్నూలు దాటి ఉంటే వెనక్కి చేరేలోగా సమయం మించిపోతుంది. తిరుగు ప్రయాణంలో బస్సు ముందు భాగంలో సీటు తీసుకుని, ఛాతీకి చిన్న దిండు ఆనించుకోవాలి. రెండు గంటలకోసారి లేచి నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టదు.

ఆపరేషన్ రోజు, ఆ తర్వాత

ముందు రాత్రి తేలికగా తిని, ఆ తర్వాత పరగడుపున ఉండాలి. ఘనాహారం ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో మత్తు డాక్టరు చెబుతాడు. పొద్దున సబ్బుతో తలస్నానం చేయాలి. ఛాతీ మీద వెంట్రుకలను సొంతంగా బ్లేడుతో గీసుకోకూడదు. గీతల్లో సూక్ష్మజీవులు చేరతాయి.

డ్రెయిన్ అంటే కోత పక్క నుంచి బయటికి వచ్చే సన్నని గొట్టం, దాని చివర నొక్కితే పీల్చే చిన్న బుడ్డి. దాన్ని ఖాళీ చేయడం నర్సు దగ్గర చూసి నేర్చుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, మూత తీసి, గీతలున్న కప్పులోకి ద్రవాన్ని వంచి, ఎంతుందో చూసి, బుడ్డిని అరచేతిలో పూర్తిగా నొక్కి పట్టుకునే మూత పెట్టాలి. నొక్కకుండా మూత పెడితే అది పీల్చదు. తేదీ, వేళ, కుడి ఎంత, ఎడమ ఎంత అని నోటుబుక్కులో రాయాలి. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల లోపుకు వచ్చాక సర్జన్ సాధారణంగా గొట్టం తీసేస్తాడు. ద్రవం మొదట ఎర్రగా ఉండి, రోజులు గడిచేకొద్దీ లేత గులాబీకి, పసుపు రంగుకు తిరగాలి.

ఒకవైపు ఛాతీ ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడినా, బుడ్డి ఎర్రటి రక్తంతో గబగబా నిండినా, చలి జ్వరం వచ్చినా, కోత నుంచి చీము, వాసన వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

పథ్యం గురించి గట్టిగా చెప్పాలి. కుట్లున్న మనిషి పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ తినకూడదని మన ఇళ్లలో నమ్మకం. దాంతో రోగికి చారన్నం, రొట్టె మాత్రమే పెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులే ముడిసరుకు. వాటిని మాన్పించడం ప్రేమతో చేసే హాని. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, శెనగలు రోజూ పెట్టాలి. సర్జన్ ప్రత్యేకంగా వద్దన్నది తప్ప ఏదీ ఆపనక్కర్లేదు. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది కాబట్టి నీళ్లు, పీచు ఉన్న కూరలు కూడా కావాలి.

మన చర్మం రంగువాళ్లలో మచ్చ ఉబ్బి కెలాయిడ్‌గా మారే అవకాశం ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోటగానీ, టీకా వేసిన చోటగానీ గతంలో మచ్చ ఉబ్బి ఉంటే సర్జన్‌కు ముందే చెప్పాలి. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ పట్టీ గానీ నెలల తరబడి వాడాలి, మచ్చ మీద ఎండ పడనివ్వకూడదు. చొక్కా విప్పి చేలో పనిచేయాలన్న కోరిక ఎంత ఉన్నా, మొదటి ఏడాది ఎండ వేళ చొక్కా ఉండాలి. కొన్ని వారాలకు మనసు కుంగడం, ‘ఎందుకు చేయించుకున్నానో’ అనిపించడం చాలామందిలో కనిపిస్తుంది. వాపు, నొప్పి, పని లేకపోవడం కలిసి చేసే పని అది. సాధారణంగా వాపుతో పాటే తగ్గుతుంది. తగ్గకపోతే లేఖ రాసిచ్చిన మానసిక వైద్యుడి దగ్గరికే మళ్లీ వెళ్లాలి.

ఆపరేషన్‌లో కణజాలం మొత్తం పోదు. క్యాన్సర్ ముప్పు చాలా తగ్గుతుంది గానీ పూర్తిగా తొలగిపోదు. ఎప్పుడు గడ్డ తగిలినా చూపించుకోవాలి. బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితం పోగొట్టుకోకుండా దాచుకోవాలి. సవరించిన గుర్తింపు పత్రానికి వెళ్లినప్పుడు ఆసుపత్రి ధ్రువీకరణకు ఆధారం అవే.

ఈ ప్రాంతపు డాక్టర్లకు, నర్సులకు, ఏఎన్ఎంలకు ఒక మనవి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆపరేషన్ చేయించుకుని వచ్చిన కుర్రాడు కుట్లు చూపించుకోవడానికి ఆదోని ఆసుపత్రికో, ఎమ్మిగనూరు ఆసుపత్రికో, నందవరం ఆరోగ్య కేంద్రానికో వస్తే, అతని గాయం మీరు రోజూ చూసే గాయాల్లాంటిదే. కట్టు మార్చడానికి, రసి తీయడానికి, చీముకు మందు రాయడానికి కొత్త చదువేమీ అక్కర్లేదు. సందేహముంటే డిశ్చార్జి కాగితం మీదున్న సర్జన్‌కు ఫోన్ చేయండి. పరీక్షించే ముందు తలుపు వేసి, పేరు అడిగి, చెప్పిన పేరుతోనే పిలవండి.